యెప్పె కొడుకూ పోశయ్య కొడుకూ

ఏప్రిల్ 3, 2023, సోమవారం

ఈ డైరీని ఓడలకు సరుకులు వేసే కంపెనీవాడు జనవరిలో ఇచ్చాడు. మూడు నెలలుగా సొరుగులో పడి ఉంది. ఇవాళ బయటికి తీశాను. ఎక్కడో ఒకచోట కక్కకపోతే ఎవడినో ఒకడిని కొట్టేలా ఉన్నాను.

ఉదయం మీటింగ్‌లో పద్నాలుగు మంది ముందు మా మేనేజరు యెప్పెసన్, "పోశయ్యా, నిన్నటి బార్జ్ కాగితాలెక్కడ?" అన్నాడు. కాగితాలు వాడి మోచేతి కిందే ఉన్నాయి. నా మంట దానికి కాదు. నా పేరు సుజిత్. బడిలో వేసేటప్పుడు సారు పెట్టిన పేరు. ఫుజైరాలో ఓడలకు నూనె పోసే ఈ కంపెనీలో కాగితాలు చూసే పనిలో చేరి పదకొండేళ్ళయింది, ఆ పేరుతో పిలిచిన మనిషి లేడు. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడిలో మా ఇంటిపేరు గుండేటి అని ఉండాలి. జగిత్యాల ఏజెంటు గాడిద అక్కడ మా నాన్న పేరు ఎక్కించాడు. ఇక వీసాలో పోశయ్య, ఐడీలో పోశయ్య, ఆస్పత్రిలో పోశయ్య, బస్సు లిస్టులో పోశయ్య. పోశయ్యా తిన్నావా. పోశయ్యా సంతకం పెట్టు.

ఆ పోశయ్య నాకు ఏడేళ్ళప్పుడు దుబాయ్ వచ్చాడు. మూడేళ్ళు డ్రాఫ్టులు పంపాడు. ఆ తరువాత లేడు. చచ్చాడన్న కబురూ లేదు, బతికున్నాడన్న కబురూ లేదు. మా ఇంట్లో ఇరవై నాలుగేళ్ళుగా ఎవరూ నోటెత్తని పేరు. ఇక్కడ రోజుకు నలభైసార్లు దానికి నేను పలకాలి.

ఏప్రిల్ 5, బుధవారం

పాప పుట్టి ఐదు వారాలు. పేరు అమూల్య. ఉమ పెట్టింది.

ఉమ మధ్యాహ్నం ఫోన్ చేసింది. బర్త్ సర్టిఫికెట్ వచ్చిందట. ఇక పాస్‌పోర్ట్, దాని మీద వీసా, అన్నీ పుట్టిన నూటఇరవై రోజుల్లో కావాలి. లేకపోతే జరిమానా, దేశం దాటనివ్వరు. ఆఖరు రోజు జూన్ 30. "సర్‌నేమ్ కాడ ఏం రాయాలె?" అంది. ఖాళీగా వదిలేద్దామన్నాను. ఈ మధ్య ఒంటి పేరైతే ఇక్కడ తిప్పలు పెడుతున్నారు, రెండు గడులూ నింపాల్సిందే అని టైపింగ్ సెంటర్‌వాడు చెప్పాడట.

చూద్దాంలే అన్నాను. ఏం రాస్తానో తెలియదు. ఏం రాయనో మాత్రం తెలుసు. ఆ మనిషి పేరు నా కూతురి పక్కన ఉండడానికి వీల్లేదు.

ఇల్లు దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో. నేను ఫుజైరాలోనే కంపెనీ రూములో ఉంటున్నాను. కంపెనీ బస్సు ఉంది గాని, రోజూ మూడు గంటలు దారిలోనే పోతాయి. పని చాలా ఉంది. నెలాఖరుదాకా, అంతే.

ఏప్రిల్ 7, శుక్రవారం

రంజాన్ కదా, ఆఫీసు రెండు గంటల ముందే మూసేస్తున్నారు. నాకు మాత్రం పని ఉంది.

ఏప్రిల్ 11, మంగళవారం

ముద్ర సగమే పడిందని యెప్పెసన్ నిన్న ఏడు కాగితాలు వెనక్కి పంపాడు. అరవై రెండేళ్ళవాడు, ఆరడుగులవాడు, ఎండకు మెడ ఎర్రగా కాలి ఉంటుంది. డెన్మార్క్ మనిషి. ఓడలు ఆగే రెండు బెర్తుల మీద వాడిదే పెత్తనం. నా పేరుతో ఆడుకునేవాడి పేరు సంగతేమిటో చూద్దామని నెట్‌లో వెతికాను.

యెప్పెసన్ అంటే యెప్పె కొడుకు. అంతే, అంతకు మించి ఏమీ లేదు. యెప్పె అంటే జాకబ్‌కు వాళ్ళ పల్లెటూరి ముద్దుపేరట. వాళ్ళ దేశంలో జనం చాలామంది ఇలాంటి కొడుకులేనట. నీల్స్ కొడుకు నీల్సన్, హాన్స్ కొడుకు హాన్సన్. పూర్వం తరం మారితే పేరూ మారేది, ఎవడి కొడుకు వాడి పేరు పెట్టుకునేవాడు. ఆడపిల్లయితే దాతర్ అని తగిలించేవారు, అంటే కూతురు. ఇలా అయితే లెక్క తెగదని 1828లో వాళ్ళ రాజు, ఇంటికి ఒకటే పేరు ఉండాలి, మార్చకూడదు అని ఉత్తర్వు వేశాడు. పల్లెల్లో జనం వినడానికి ఇంకో ముప్పై నలభై ఏళ్ళు పట్టిందట. చివరికి ఎవరి పేరు ఏ తండ్రి దగ్గర ఆగిందో అక్కడే గడ్డకట్టింది.

అంటే మా యెప్పెసన్ నాన్న యెప్పె కాదు. తాతా కాదు. ఎవడో ముఖం తెలియని యెప్పెకు వీడు ఇంకా కొడుకే. మా ఊళ్ళో ఫలానావాడి కొడకా అంటే చొక్కాలు పట్టుకుంటారు. వీళ్ళు తలుపు మీద పలక చేయించి పెట్టుకుంటారు.

ఏప్రిల్ 12, బుధవారం

అనేశాను.

"పోశయ్యా," అన్నాడు మీటింగ్‌లో. "చెప్పండి, యెప్పె కొడుకుగారూ," అన్నాను. మలయాళీ ఇంజనీరు దగ్గాడు.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు.

"మీ పేరే చెబుతోంది. నా పేరు సుజిత్. పోశయ్య మా నాన్న. మిమ్మల్ని రోజూ మీ నాన్న పేరుతో పిలిస్తే ఎలా ఉంటుంది?"

"మా నాన్న పేరు ఓవె. యెప్పె అనేవాణ్ణి నేనూ చూడలేదు, మా నాన్నా చూడలేదు." నా వైపు తిరిగాడు. "నువ్వు మీ నాన్నని చూశావా?"

"ఏడేళ్ళు వచ్చేదాకా."

"అయితే నాకంటే నయం. ఈద్ సెలవులయ్యాక నా గదికి రా. స్కాన్ చెయ్యాల్సినవి ఉన్నాయి."

ఉద్యోగం ఊడలేదు. ఊడినా బాగుండేది. చెంప మీద కొట్టి బెల్లం చేతిలో పెట్టినట్టుంది.

ఏప్రిల్ 16, ఆదివారం

అమ్మ నిన్న దిగింది. ఉమకు తల్లి లేదు, బాలింతను చూసుకోవడానికి విజిట్ వీసా మీద మా అమ్మను రప్పించాం. అరవై రోజులు. మెట్‌పల్లిలో పిన్ని ఇంట్లో ఉంటుంది. నన్ను బీడీలు చుట్టి చదివించింది. పేరు రాజవ్వ. పాస్‌పోర్ట్‌లో రాజవ్వ పోశయ్య. ఎయిర్‌పోర్ట్ కౌంటర్‌లో వాడు "పోశయ్యా" అని పిలిస్తే గాజుకు అవతల ఆమె, ఇవతల నేను ఇద్దరం తల తిప్పాం.

ఇంటికి రాగానే పాపకు నీళ్ళు పోసింది, పొగ వేసింది, బాత్రూంలోకి వెళ్ళి బయటికి వచ్చి నా ముందు నిలబడింది.

"నీ పండ్లుతోమే బ్రష్షేది?"

"ఫుజైరాల ఉంది."

"సబ్బు?"

"అన్నీ అక్కడనే ఉన్నయమ్మా. పనెక్కువున్నది. నెలాఖరుదాక, అంతే."

రాత్రిళ్ళు ఇంటికి రావడం లేదేమని ఉమ నెల రోజులుగా అడగడం లేదు. నాకదే కావాలి. పాపను ఎత్తుకొమ్మని అమ్మ నా మీదికి తోసింది. జలుబుగా ఉంది, పసిపిల్లకు అంటుకుంటుందని చెప్పాను. జలుబు నిజంగానే ఉండింది. సాయంత్రం సర్కారు బస్సుకే వెనక్కి వచ్చేశాను.

ఏప్రిల్ 24, సోమవారం

పని వేళల్లో సొంత పని. మేనేజరు యెప్పెసన్‌కు ఎవడు చెబుతాడు?

అరవై మూడు కాగితాలు. వాళ్ళ ఊరి చర్చి పుస్తకాల నకళ్ళు, కోడి గీకినట్టున్న రాత. పక్కన వాళ్ళ అక్క ఇంగ్లీషులో టైపు చేసిన చీటీలు. నేను స్కాన్ చేస్తుంటే వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. అడగకుండానే ఒక కాగితం మీద వేలు పెట్టాడు.

1831. ఆనె నీల్స్‌దాతర్. నీల్స్ కూతురు ఆనె. ఎవరింట్లోనో పశువుల కొట్టంలో పనిమనిషి. కొడుకు పుట్టాడు, పెళ్ళి కాలేదు. పుస్తకంలో తండ్రి గడి ఉంది. అది ఎవరని పాదిరి అడిగాడు. ఆమె యెప్పె అని చెప్పింది, అదే ఇంట్లో పాలేరు. పాదిరి రాసుకున్నాడు: పిల్లవాడి తండ్రి యెప్పె అని తల్లి చెప్పింది.

"యెప్పె ఏం చేశాడు?" అన్నాను.

"అప్పటికే ఓడ ఎక్కేశాడు. మళ్ళీ ఏ పుస్తకంలోనూ లేడు." వేలు కిందికి జరిపాడు. "కొడుకు నీల్స్ యెప్పెసన్. ఈ నీల్స్ కొడుకు పాత పద్ధతిలో నీల్సన్ కావాలి. అప్పటికి పాదిర్లు రాజుగారి పద్ధతి పట్టుకున్నారు. యెప్పెసన్ అనే ఉంచేశారు. ఇప్పటికి ఐదు తరాలు. మా అక్కకు డెబ్బై ఏళ్ళు. ఆమె కూడా యెప్పె కొడుకే." నవ్వాడు. వాడు నవ్వడం చూడడం ఇదే మొదలు.

"పారిపోయినవాడి పేరు ఐదు తరాలు మోశారా? మార్చుకుని ఉండొచ్చుగా."

"మా నాన్న మార్చుకోవాలనుకున్నాడు. మా నాయనమ్మ మార్చనివ్వలేదు. అది వాడి పేరు కాదు, ఆనె చెప్పిన మాట అంది."

నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాల్సిన అవసరమూ లేదు. వెర్రి వెయ్యి విధాలు. లేచేటప్పుడు "థాంక్స్, పోశయ్యా" అన్నాడు. కుక్క తోక వంకర.

ఏప్రిల్ 30, ఆదివారం

ఈ వారం ఇంటికి వెళ్ళలేదు. ఈ నెల కుదరలేదు. మే నెలాఖరుదాకా, అంతే.

మే 3, బుధవారం

కంపెనీ బస్సు కొత్త డ్రైవర్ ఖాదర్ హుస్సేన్ కడప మనిషి. లిస్టు మీద ముద్ర కోసం ఆఫీసుకు వచ్చాడు.

"ఈ పోశయ్య ఎవరు భాయ్? లిస్టులో పేరుంది, మనిషి లేడు. రెండు నెల్లుగా దినామ్మూ పోశయ్యా పోశయ్యా అని అరుస్తాండా, పలికేటోడే లేడు."

"నేనే. ఇప్పుడు ఇక్కడే ఉంటున్నా."

"నువ్వా?" నన్ను ఎగాదిగా చూశాడు. "అల్ కుసైస్‌లో మేముండే క్యాంపుకు ఈ నడుమ ఒగాయన వచ్చినాడు, ఇదే పేరు. ముసలాయన. మెస్సులో ఉల్లిగడ్డలు కోస్తాడు. మీ జగిత్యాల పక్కే. ఇట్టా ఒక పిల్లోడు సుజిత్ పోశయ్య అని మా బస్సు లిస్టులో ఉండాడంటే, మూడు దినాలు అన్నం సరిగ్గా తినలేదు. ఆ పిల్లోనికి చెప్పాకు అన్నాడు. చెప్పకుంటే నాకు నిద్ర పట్టదు, చెప్పినా. ఖలాస్."

ముద్ర వేసి లిస్టు చేతిలో పెట్టాను. ముద్ర సగమే పడింది.

మే 4, గురువారం

వెళ్ళను.

మే 5, శుక్రవారం

వెళ్ళేది లేదు. ఎందుకు వెళ్ళాలి? ఉమకు ఫోన్‌లో చెప్పాను, ఊరికే, వింతగా ఉందని.

మే 6, శనివారం

ఉమ నోట్లో నువ్వు గింజ నానదు. నేను ఇంటికి వెళ్ళేసరికి అమ్మ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని సోఫా చివర కూర్చుని ఉంది. చేతిలో సంచి.

"పా, పోదాం."

"ఎక్కడికి?"

"వాడున్నకాడికి."

నేను అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే పాప లేచి ఏడ్చింది. ఇరవై నాలుగేళ్ళు పలకనివాడి దగ్గరికి మనం పోవడమేమిటన్నాను. నీకు సిగ్గు లేకపోతే నాకుంది అన్నాను. అమ్మతో ఆ మాట అన్నాను. పదకొండేళ్ళుగా వాడి పేరు నా నెత్తిన కూర్చుంది చాలదా, ఆ జగిత్యాల ఏజెంటు కనబడితే చెప్పు తీసుకుని కొడతానన్నాను.

"ఏజెంటును ఎందుకు కొడతవ్?" అంది అమ్మ. "రాయిచ్చింది నేను."

పాస్‌పోర్ట్‌కు రాయించిన రోజు నేను ఫోటోలు తీయించుకోవడానికి పక్క కొట్టుకు వెళ్ళాను. ఏజెంటు ఇంటిపేరేమిటని అమ్మను అడిగాడు. అమ్మ రేషన్‌కార్డు తీసి వేలు పెట్టి చూపించింది. ఇంటిపేరు మీద కాదు, ఆ మనిషి పేరు మీద. ఇదా అని వాడు రెండుసార్లు అడిగాడట. అదే అని రెండుసార్లు వేలు పెట్టిందట.

"ఎందుకమ్మా?"

"నువ్వు దుబాయ్ పోవుడే ఖాయమైపాయె. సచ్చిండో బతికిండో, ఉంటే వాడు ఈడనే ఉండె. నేను ఎట్ల దేవులాడాలె? మొగని పేరు నోటితోని అనొద్దంటరు, నేను పెండ్లైన కాంచి ఒక్కనాడు అనలే. నిన్ను వాని పేరుతోని రోజు ఎవలో ఒకలు పిలుస్తరు గద, ఎన్నడన్న ఒకనాడు వాని చెవుల పడకపోతదా అనుకున్న. వాని గొప్పకు పెట్టలే బిడ్డా. వాడు తప్పిచ్చుకోకుంట పెట్టిన."

"నన్నొక మాట అడగొద్దా?"

"అడిగితే ఒప్పుకుందువా?"

ఊరికి దండోరా వేసే డప్పును చేసింది నన్ను. పదకొండేళ్ళు మోగించింది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఇంకా మండుతోంది. పెళ్ళికి పోతే అమ్మను బొట్టు పెట్టించుకోనివ్వాలా వద్దా అని ఆడవాళ్ళు పక్కకు జరిగి గుసగుసలాడేవారు. నేను అక్కడే నిలబడి వినేవాణ్ణి. ఆ సంగతి గుర్తొచ్చింది, అదీ ఒక కోపమే.

రేపు కాదు, వచ్చే వారం ఆదివారం అన్నాను చివరికి. సంతకం కోసం వెళ్తున్నాను, అంతే. పాప పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గుండేటి అని వేయాలంటే తాత సంతకం పనికొస్తుందేమో.

మే 9, మంగళవారం

తాత సంతకం అక్కరలేదని టైపింగ్ సెంటర్‌వాడు చెప్పాడు. అయినా మాట ఇచ్చాను కదా.

మే 14, ఆదివారం

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

ఖాదర్ భాయ్ తన కారులో తీసుకెళ్ళాడు. పొద్దున పదకొండు. మెస్సులో పొడుగాటి రేకు బల్లలు, చివర ముగ్గురు కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నారు. ఆదివారం సెలవు, ముప్పై నలభై మంది పళ్ళేలు పట్టుకుని వరసలో ఉన్నారు. ఆ ముగ్గురిలో ఎవరో నేను పోల్చుకోలేకపోయాను. అమ్మకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. తలుపు దగ్గరే ఆగి, జీవితంలో మొదటిసారి, అందరికీ వినబడేలా పిలిచింది.

"పోశయ్యా."

అలవాటుకొద్దీ నేను ఊఁ అన్నాను. అమ్మ నా వైపు చూడలేదు. చివర కూర్చున్న బక్క మనిషి కత్తి కింద పెట్టాడు. లేచి నిలబడ్డాడు. నేను రోజూ అద్దంలో చూసుకునే చెవులే ఆయనవీ.

"వీని పేరు పోశయ్య," అంది అమ్మ, వరసలో ఉన్న జనంతో. సగం మందికి తెలుగు రాదు, అయినా పళ్ళేల చప్పుడు ఆగిపోయింది. "వీడు నా మొగడు. ఈ పిలగాని తండ్రి. ఇరవై నాలుగేండ్లైంది మమ్ముల ఇడిశిపెట్టి."

పశువుల కొట్టంలో పనిమనిషి పాదిరి ముందు నిలబడ్డట్టు నాకు కనబడింది. ఆనె చెప్పిన మాట అని యెప్పెసన్ నాయనమ్మ ఎందుకందో అప్పుడు తెలిసింది.

ఆయన తల దించుకునే మాట్లాడాడు. "కంపెనీ మూతవడ్డది రాజవ్వా. పాస్‌పోర్ట్ పనికి పెట్టుకున్న కఫీల్ కాడనే ఉండిపాయె. ఉట్టి చేతులతోని ఏం మొగం పెట్టుకొని రావాలె అనుకున్న. నెలాఖరుకు ఏదన్న పని దొరుకుతది, నెలాఖరుకు పోదాం, నెలాఖరుకు ఫోన్ జేద్దాం అనుకుంటుండె. ఏ నెల తప్పిపోయిందో నాకే ఎరుకలే."

నెలాఖరుకు అన్నాడు. మూడుసార్లు అన్నాడు. నాకు చెవులు మూసుకోవాలనిపించింది. సాకు కావాలంటే వేరే మాట దొరకలేదా ఆయనకు? నా మాటే ఎందుకు వాడాలి? ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను, ఆయన మీద కూడా కాదు.

అమ్మ విన్నది. కొంగుతో ముఖం తుడుచుకుంది, ఉల్లిగడ్డల ఘాటుకు అందరి కళ్ళూ మండుతున్నాయి.

"సరే. బతికే ఉన్నవ్. ఇగ నన్నెవలన్న అడిగితే చెప్త, సావలే, పారిపోయిండని. నా బొట్టు సంగతి నాకు ఎరుకైంది." సంచిలోంచి సకినాల పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. "పక్కల వాళ్ళకు గూడ పెట్టు. పా బిడ్డా."

ఆయన నా వైపు చేయి చాపాడు. పట్టుకోలేదు. పట్టుకోవాల్సిందేమో. పట్టుకోలేదు.

కారులో అమ్మ ఒకే ఒక్క మాట అంది. "నువ్వు పోవుడు సుత వాని తీరుగనే పోతున్నవ్. మెల్లగ."

మే 15, సోమవారం

బ్రష్, సబ్బు, రెండు జతల బట్టలు, దుప్పటి. అన్నీ ఒకే సంచిలో పట్టాయి. సాయంత్రం బస్సులో ఖాదర్ భాయ్ లిస్టు చదివాడు. "పోశయ్యా." పలికాను.

మే 17, బుధవారం

సెలవు పెట్టాను. టైపింగ్ సెంటర్‌లో నేను, ఉమ, అమ్మ, అమ్మ ఒళ్ళో పాప. సర్‌నేమ్ దగ్గర కర్సర్ ఆగింది. మలయాళీ గుమాస్తా నా పాస్‌పోర్ట్ చూసి తనే పోశయ్య అని కొట్టబోయాడు. ఆగమన్నాను.

"గుండేటి అని రాయియ్యి," అంది ఉమ. చాలా రోజుల తరువాత తనకేం కావాలో నాతో అన్న మాట అది. "మంచిగుంటది. మర్యాదగుంటది."

నిజమే, మర్యాదగా ఉంటుంది. గుండేటి వెనక ఎవరైనా దాక్కోవచ్చు. పది తరాల గుండేటివాళ్ళు ఉన్నారు, అందులో ఎవడు పారిపోయాడో ఎవడు ఉన్నాడో ఎవరికి తెలుసు? ఆ మాట బయటికి అనలేదు. ఎస్, యు, జె, ఐ, టి, హెచ్ అని అక్షరాలు చెప్పాను.

"మీ సర్‌నేమ్ వేరే, పాప సర్‌నేమ్ వేరే," అన్నాడు గుమాస్తా. "ఎయిర్‌పోర్ట్‌లో ప్రతిసారీ అడుగుతారు, ఈ సుజిత్ ఎవరని."

"అడగనీ. నేనని చెబుతా."

అమూల్య సుజిత్. ఉమ తెర మీద ఆ పేరును చాలాసేపు చూసింది. నా పేరు ఆమె కూడా నోటితో అనదు. గుండేటి అని మళ్ళీ అడగలేదు.

అమ్మకు చదవడం రాదు. ఏం రాయించావని అడిగింది. చెప్పాను. పాప తల మీద చేయి వేసి నా ముఖంలోకి చూసింది.

"మంచిగ రాసినవ్. ఇగ ఏడికి పోతవో సూస్త."

మే 18, గురువారం

యెప్పెసన్‌కు చెప్పాను. "1828కి ముందు పద్ధతి," అన్నాడు. "సుజిత్‌దాతర్." చేయి కలిపాడు. మధ్యాహ్నం ముద్ర లేదని మూడు కాగితాలు వెనక్కి పంపాడు.

జూన్ 13, మంగళవారం

అమ్మ వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్ట్‌లో మళ్ళీ ఆ పేరుతోనే పిలిచారు. ఆమె తల తిప్పలేదు. మూడోసారి పిలిచాక నేను చెబితే కదిలింది. అల్ కుసైస్ సంగతి నేను అడగలేదు, ఆమె ఎత్తలేదు.

జూన్ 26, సోమవారం

పాప వీసా అయింది. ఇంకా నాలుగు రోజులు మిగిలాయి.

జూలై 3, సోమవారం

పాపకు నాలుగో నెల టీకాలు. క్లినిక్ నిండా ఏడుపులు. ఉమ ఫారాలు నింపుతోంది, పాప నా చేతుల్లో ఉంది. ఇంకా సరిగా పట్టుకోవడం రాదు, నడుము కింద చేయి పెట్టమని ఉమ రెండుసార్లు సర్దింది. నా చొక్కా బొత్తాం నోట్లో పెట్టుకుని నములుతోంది. ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు నుదురు ముడిచింది. నా బుద్ధే వచ్చినట్టుంది.

ఫిలిప్పీన్స్ నర్సు లోపలినుంచి తల బయటికి పెట్టి "సుజిత్!" అంది. నేను గోడ మీద బొమ్మలు చూస్తూ కూర్చున్నాను. "సుజిత్!" మళ్ళీ అంది. ఎవడో నిర్లక్ష్యపువాడు, పిల్లను తీసుకొచ్చి పలకడం లేదు అనుకున్నాను.

ఉమ మోచేత్తో పొడిచింది. "ఇగో, నిన్నే. పిల్లను పిలుస్తున్నరు."

"సుజిత్ ఉన్నారా?" అంది నర్సు మూడోసారి.

ఉన్నానని చెప్పి, పాపతో లేచాను.